గ్రామర్ పీరియడ్‌లో తెలుగు వినబడితే కంగారు పడకండి



పోయిన నెల పేరెంట్స్ మీటింగ్‌లో ఆదోని క్యాంపస్‌లో ఒకసారి, ఆ మరుసటి శనివారం ఎమ్మిగనూరు క్యాంపస్‌లో ఇంకోసారి నన్ను ఒకే మాట అడిగారు. "సార్, ఇంగ్లీష్ గ్రామర్ పీరియడ్‌లో మీరు తెలుగు మాట్లాడుతున్నారంట, నిజమేనా?" అడిగినవాళ్ల గొంతులో కోపం లేదు, దిగులే ఉంది. ఫీజు కట్టేది పిల్లలకు ఇంగ్లీష్ వస్తుందనే కదా. ఇంట్లో తెలుగే, వీధిలో తెలుగే, స్కూల్లోనూ తెలుగే అయితే ఇంగ్లీష్ ఎక్కడి నుంచి వస్తుందని వాళ్ల భయం. ఆ భయాన్ని నేను తక్కువ చేయను.

నిజమే, మాట్లాడుతున్నాను. ఈ ఏడాది నుంచే మొదలుపెట్టాను. ఎందుకో చెప్పాలంటే, నేను తప్పుగా కొట్టేసిన ఒక మార్కు గురించి ముందు చెప్పాలి.

నిరుడు తొమ్మిదో తరగతి స్లిప్ టెస్టులో 'మీ కుటుంబంలో ఒకరి గురించి ఐదు వాక్యాలు రాయండి' అని ఇచ్చాను. ఒక పాప వాళ్ల మేనమామ గురించి రాసింది. ఉదాహరణలన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే ఇస్తున్నాను. కొంచెం బిగ్గరగా చదవండి, చెవికి తెలుస్తుంది. పాప రాసింది ఇది: 'బార్న్ ఇన్ కోసిగి అండ్ వర్కింగ్ ఇన్ బెంగళూరు, మై అంకుల్ సెండ్స్ మనీ టు మై గ్రాండ్‌మదర్ ఎవ్రీ మంత్.' నేను ఎర్ర పెన్నుతో 'బార్న్' కింద ఒక గీత, 'వర్కింగ్' కింద ఒక గీత గీసి, పక్కన 'రెండు వేర్వేరు ఫార్మ్‌లు కలపకూడదు' అని రాసి, ఒక మార్కు తీసేశాను.

రెండు రోజులకు వాళ్ల నాన్న వచ్చారు. మార్కెట్ యార్డులో కాటా దగ్గర పనిచేస్తారు. పేపర్ మడిచి చొక్కా జేబులో పెట్టుకుని వచ్చారు. "నాకు ఇంగ్లీష్ రాదు సార్. పాప తెలుగులో చెప్పింది. 'కోసిగిలో పుట్టి, బెంగళూరులో పనిచేస్తా, మామ ప్రతి నెలా అవ్వకు దుడ్లు పంపిస్తాడు' అని. మాటైతే బాగానే ఉంది కదా సార్, ఇంగ్లీష్‌లో తప్పెట్లయితాది?" అన్నారు. తగువుకు వచ్చినట్టు కాదు, నిజంగా తెలుసుకోవడానికే అడిగారు.

నేను 'పారలలిజం' అని ఏదో చెప్పి పంపించాను. సాయంత్రం ఇంటికి పోయి పుస్తకాలు తీసి చూస్తే, పాప రైటు, నేను రాంగ్.

విషయం ఇది. 'బార్న్' పాస్ట్ పార్టిసిపుల్, మనం క్లాసులో వీ3 అంటాం. 'వర్కింగ్' ప్రెజెంట్ పార్టిసిపుల్, ఐఎన్‌జీ ఫార్మ్. ఆ వాక్యంలో రెండూ చేసే పని ఒకటే, మామ ఎలాంటివాడో చెప్పడం. 'అండ్'తో కలపాలంటే రెండు వైపులా ఉన్న మాటలు వాక్యంలో ఒకే పని చేయాలి. రూపం ఒకటే ఉండాలని ఏ రూలూ లేదు. 'అలసిపోయిన, ఆకలిగా ఉన్న మనిషి' అంటే ఎవరైనా తప్పు పడతారా? ఇదీ అంతే. వీ3, ఐఎన్‌జీ పక్కపక్కన నిలబడి ఒకే మనిషిని చూపిస్తుంటే కలపవచ్చు, బాగుంటుంది కూడా.

మరి నాకు ఆ 'కలపకూడదు' అనే రూలు ఎక్కడి నుంచి వచ్చింది? ఆలోచిస్తే దొరికింది. మన పిల్లలు సెల్ఫ్ ఇంట్రడక్షన్‌లో తరచూ రాసే వాక్యం ఒకటి ఉంది: 'మై బ్రదర్ హాజ్ కంప్లీటెడ్ ఇంటర్ అండ్ ప్రిపేరింగ్ ఫర్ ఈఏపీసెట్.' ఇది మాత్రం తప్పే. ఇక్కడ 'కంప్లీటెడ్' ఒంటరిగా లేదు, 'హాజ్' దాన్ని పట్టుకుని ఉంది. ఆ 'హాజ్' పక్కనున్న 'ప్రిపేరింగ్'ను మోయలేదు, దానికి 'ఈజ్' కావాలి. 'హాజ్ కంప్లీటెడ్ ఇంటర్ అండ్ ఈజ్ ప్రిపేరింగ్' అనాలి. ఇలాంటివి ఏళ్ల తరబడి దిద్దీ దిద్దీ, దిద్దడంలో విసిగి, అసలు వీ3నీ ఐఎన్‌జీనీ ఎక్కడా కలపొద్దు అని నాకు నేనే ఒక రూలు తయారు చేసుకున్నాను. టీచర్లకు ఉండే జబ్బు ఇది. వంద తప్పులు ఆపడానికి ఒక అడ్డగోడ కడతాం, ఆ గోడకు ఒక మంచి వాక్యం కూడా తగిలి పడిపోతుంది.

పాపకు మార్కు తిరిగి వేశాను. క్లాసులో అందరి ముందూ చెప్పి వేశాను. కానీ నన్ను పట్టుకున్నది మార్కు కాదు. నా దగ్గర గ్రామర్ పుస్తకాలు ఉన్నాయి, ఆ తండ్రి దగ్గర ఒక్కటీ లేదు. అయినా వాక్యం నిలబడుతుందా పడిపోతుందా అన్నది ఆయన తెలుగులో వినే తేల్చేశారు.

నిజానికి పాప ఇంగ్లీష్ వాక్యం ఎక్కడి నుంచి తెచ్చుకుంది? తెలుగు నుంచే. పుట్టి, పనిచేస్తూ. తెలుగు వ్యాకరణంలో మొదటిదాన్ని క్త్వార్థకం అంటారు, రెండోదాన్ని శత్రర్థకం అంటారు. పేర్లు నోరు తిరగనివి కావచ్చు, పని మాత్రం మూడేళ్ల పిల్లకు కూడా వచ్చు. 'అన్నం తిని, చెయ్యి కడుక్కుని, టీవీ చూస్తూ నిద్రపోయింది' అంటాం. ఒక్క వాక్యంలో ఎన్ని పార్టిసిపుల్స్ ఉన్నాయో చూడండి. ఇంగ్లీష్‌లో పదో తరగతి పిల్లలను 'రెండు వాక్యాలను కలిపి రాయండి' అని అడిగితే బిక్కమొహం వేస్తారు. అదే పని తెలుగులో ఊపిరి తీసుకున్నంత సులువుగా చేస్తారు.

మన వైపు పిల్లలకు ఇంకొక అదృష్టం ఉంది. ఆలూరు, హొళగుంద వైపు నుంచి వచ్చేవాళ్లకు కన్నడ వచ్చు. ఆదోని టౌన్లో చాలామంది ఇళ్లలో ఉర్దూ మాట్లాడతారు. తెలుగులో 'చేసి, చేస్తూ' అన్నది కన్నడలో 'మాడి, మాడుత్తా'. ఉర్దూలో 'కర్‌కే, కర్తే హుయే'. తెలుగు 'పుట్టి' కన్నడలో 'హుట్టి', ఒక్క అక్షరం తేడా. ఈ సామాను అంతా వాళ్ల ఇంట్లోనే ఉంది. మనం దాన్ని గేటు బయట పెట్టి రమ్మని, లోపల కొత్తది కొనిపిస్తున్నాం.

ఇక్కడ కొంచెం పాత సంగతి ఒకటి చెప్పాలి, మన ఊరిదే. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. రెండు వందల ఏళ్ల కిందట ఆ జిల్లాకు ఎ.డి. క్యాంప్‌బెల్ అనే కలెక్టర్ ఉండేవాడు. అప్పటి మద్రాసు గవర్నర్ థామస్ మన్రో (తర్వాత మన పత్తికొండలోనే కలరాతో చనిపోయిన మన్రో) జిల్లాల్లో బడులు ఎన్ని, పిల్లలెందరు అని లెక్కలు అడిగాడు. క్యాంప్‌బెల్ 1823లో రిపోర్టు పంపాడు. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. లెక్కతో ఊరుకోలేదు. పెద్ద పిల్లలు చిన్నపిల్లలకు నేర్పే పద్ధతిని, తక్కువ ఖర్చుతో రాత నేర్పడాన్ని మెచ్చుకున్నాడు. ఆ తర్వాత తన ఫిర్యాదు ఒకటి రాశాడు. పిల్లలు పద్యాలు అప్పజెబుతున్నారు, అర్థం మాత్రం చిలుకకు తెలిసినంతే తెలుసు అన్నాడు. బడి పుస్తకాల్లోని భాష వేరు, పిల్లలు ఇంట్లో మాట్లాడే భాష వేరు, రెంటికీ మధ్య వంతెన వేసేవాళ్లు లేరన్నదే ఆ ఫిర్యాదు.

ఆ మాట అన్న మనిషికి తెలుగు బాగా తెలుసు. 1816లో ఇంగ్లీష్‌లో తెలుగు వ్యాకరణం అచ్చువేసినవాడు ఆయనే. కంపెనీ కొలువులో చేరిన ఇంగ్లీష్ కుర్రాళ్లు మద్రాసు ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీలో తెలుగు నేర్చుకోవడానికి రాసిన పుస్తకం అది. తెలుగు, కన్నడ, తమిళం ఒకే కుటుంబం భాషలని ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ వాదించిన ప్రసిద్ధమైన వ్యాసం ఆ పుస్తకం ముందుమాటకు చేర్చిందే. ఆ పుస్తకం మొత్తం ఇంగ్లీష్‌లో ఉంది. ఇంగ్లీష్ కుర్రాడికి తెలుగు నేర్పాలంటే అతని సొంత భాషలో చెప్పాలని వాళ్లకు అనుమానం కూడా రాలేదు. తెలుగు పాపకు ఇంగ్లీష్ నేర్పేటప్పుడు మాత్రం తెలుగు మాట వినబడకూడదని మనం ఎందుకు అనుకుంటున్నామో నాకు అర్థం కాదు.

సరే, తెలుగు ఉంటే చాలా? చాలదు. ఇది కూడా నిజాయితీగా చెప్పాలి. తెలుగు కొన్నిచోట్ల దారి చూపిస్తుంది, కొన్నిచోట్ల దారి తప్పిస్తుంది. ఎక్కడ తప్పిస్తుందో పిల్లలకు చూపించాలన్నా తెలుగు మాట్లాడక తప్పదు.

దారి చూపించే చోటు ముందు. పిల్లలు తరచూ చేసే తప్పు: 'గోయింగ్ టు ది మార్కెట్ యార్డ్, ది రెయిన్ కేమ్.' చదివితే వానే మార్కెట్ యార్డుకు పోతున్నట్టు ఉంటుంది. ఇంగ్లీష్‌లో ముందు వచ్చిన ఐఎన్‌జీ మాట, కామా తర్వాత వచ్చే కర్తకే అంటుకుంటుంది. ఈ రూలును ఇంగ్లీష్‌లో పదిసార్లు చెప్పాను, రాసుకున్నారు, మళ్లీ అదే తప్పు చేశారు. ఈ ఏడాది తెలుగులో అడిగాను. "'యార్డుకు పోతూ వాన వచ్చింది' అంటావా?" క్లాసంతా నవ్వింది. "లేదు సార్, 'పోతుంటే వాన వచ్చింది' అంటాం." అంతే! తెలుగులో ఇద్దరు కర్తలు ఉంటే 'తూ' రాదు, 'తుంటే' వస్తుంది. నోట్లో 'తూ' వస్తే ఇంగ్లీష్‌లో ఐఎన్‌జీతో కలుపు. 'తుంటే' వస్తే కలపకు, 'వైల్ ఐ వాజ్ గోయింగ్' అని విడిగా రాయి. ఐదు నిమిషాల పని. ఆ తర్వాతి టెస్టులో ఈ తప్పు చాలా తగ్గింది.

ఇక దారి తప్పించే చోటు. 'బస్సు చెడిపోయి లేటయ్యాం' అంటాం. తెలుగులో ఇది తప్పు కాదు. చెడిపోయింది బస్సు, లేటయింది మనం. కర్తలు వేరైనా, ఒకటి ఇంకోదానికి కారణమైతే తెలుగు 'చెడిపోయి' అని కలిపేయనిస్తుంది. 'వాన పడి రోడ్డు పాడైంది', 'కరెంటు పోయి చదువు ఆగింది' అన్నీ ఇంతే. దీన్ని పిల్లలు ఇంగ్లీష్‌లోకి తెస్తే 'బ్రేకింగ్ డౌన్, వి వర్ లేట్' అవుతుంది. అంటే మేమే చెడిపోయామని! ఇక్కడ ఇంగ్లీష్ మన తెలుగంత ఉదారం కాదు. 'ది బస్ హావింగ్ బ్రోకెన్ డౌన్, వి వర్ లేట్' అని బస్సును ముందు కూర్చోబెట్టాలి. లేదంటే హాయిగా 'బికాజ్' వాడుకోవాలి. నన్నడిగితే 'బికాజ్' మేలు.

ఆ 'హావింగ్ బ్రోకెన్' అన్నదాన్ని కొంచెం చూడండి. 'హావింగ్' ఐఎన్‌జీ, 'బ్రోకెన్' వీ3. ఇంగ్లీషే ఆ రెండింటినీ అతికించి మన 'చెడిపోయి'ని తయారు చేసుకుంది. రెండూ కలవకూడదని రాసిన నా ఎర్ర పెన్ను ముందు ఈ మాట ఎన్నేళ్ల నుంచి ఉందో!

ఇంకో చోటు ఉంది. ఎమ్మిగనూరు పిల్లలతో ఇది చెప్పడం నాకు ఇష్టం. మగ్గాల ఊరు, పద్మశ్రీ మాచాని సోమప్ప గారు చేనేతవాళ్లను సహకార సంఘంగా కూడగట్టిన ఊరు. అక్కడ 'నేసిన' అన్న మాటను వివరించాల్సిన పని లేదు. 'నేసిన చీర' అంటాం. 'చీర నేసిన మనిషి' అని కూడా అంటాం. చేసినవాడికీ, చేయించుకున్న వస్తువుకూ తెలుగులో ఒకే మాట, 'నేసిన'. ఇంగ్లీష్ ఈ రెంటినీ విడదీస్తుంది. చీర 'వోవెన్'. మనిషి 'వీవింగ్', లేదా 'హూ వోవ్'. పిల్లలు 'ది సారీ వీవింగ్ బై మై ఫాదర్' అని రాసేది ఇందుకే. వాళ్లకు గ్రామర్ రాక కాదు, తెలుగులో లేని గీతను ఇంగ్లీష్ గీసింది కాబట్టి. 'ఐయామ్ బోరింగ్', 'ఐయామ్ ఇంట్రెస్టింగ్ ఇన్ క్రికెట్' అనడం కూడా ఈ ఇంటి బిడ్డలే. "చీరవా, నేతగాడివా?" అని అడుగుతాను. విసుగు నీకు కలిగిందా, నువ్వు కలిగించావా? కలిగితే నువ్వు చీరవు, వీ3 రాయి. కలిగిస్తే నేతగాడివి, ఐఎన్‌జీ రాయి. ఇప్పుడు ఎమ్మిగనూరు ఎనిమిదో తరగతిలో ఎవరైనా 'ఐయామ్ బోరింగ్' అంటే వెనక బెంచీ నుంచి "చీర, చీర" అని అరుస్తున్నారు. ప్రిన్సిపాల్ గారు ఒకసారి ఆగి చూసి వెళ్లారు.

అలాగని క్లాసంతా తెలుగులో నడవడం లేదు. పాఠం ఇంగ్లీష్‌లోనే, ప్రశ్నలు, జవాబులు ఇంగ్లీష్‌లోనే. స్పోకెన్ ఇంగ్లీష్ పీరియడ్‌లో నేను తెలుగు మాట ఎత్తను, ఎత్తనివ్వను, ఎందుకంటే అక్కడ నోరు తిరగడమే పని. వాక్యాలు కలిపే చోట మాత్రం, పిల్ల ఎటు తిరిగీ మనసులో తెలుగులోనే కలుపుకుంటోంది. ఆ తెలుగును మనసులోనే దాచుకోమంటే తప్పు ఎక్కడ జరిగిందో నాకు కనబడదు. బోర్డు మీద రాయమంటే కనబడుతుంది. తెలుగు వాడితే పిల్లలు ఎప్పటికీ తర్జుమా చేస్తూనే ఉండిపోతారని ఒక పేరెంట్ అన్నారు. కొన్నాళ్లు చేస్తారు. సైకిల్ నేర్చుకునేటప్పుడు వెనక పట్టుకున్నట్టే అది. పట్టుకోకపోతే త్వరగా నేర్చుకుంటారని నేను అనుకోను, మోకాళ్లు పగులుతాయి.

మిమ్మల్ని నేను అడిగేది చిన్నదే. ఇంట్లో పిల్లలు ఇంగ్లీష్ హోంవర్క్ చేస్తుంటే 'మాకు రాదులే' అని పక్కకు పోవద్దు. పక్కన కూర్చుని, "ఇది తెలుగులో ఏమని?" అని అడగండి. వాళ్లు చెప్పిన తెలుగు వాక్యం అతుకుతోందా లేదా వినండి. ఎవరు చేశారు, ఎవరికి జరిగింది అని అడగండి. కన్నడలో అడిగినా, ఉర్దూలో అడిగినా సరే. కోసిగి, పెద్దకడుబూరు నుంచి సుగ్గికి పోయి వచ్చే కుటుంబాల్లో అవ్వ దగ్గర ఉండి చదువుకునే పిల్లలున్నారు. ఆ అవ్వలు కూడా ఈ ప్రశ్న అడగగలరు. ట్యూషన్ ఫీజు లేదు దీనికి.

నాది తప్పు అనిపిస్తే మీటింగ్‌లో చెప్పండి. పేపర్ జేబులో పెట్టుకుని వస్తే ఇంకా మంచిది.

ఈ నెల మీకూ, పిల్లలకూ కలిపి ఒక ప్రశ్న ఇస్తున్నాను. పత్తి వానకు తడిసింది. పత్తి మూడు రోజులుగా యార్డులో పడి ఉంది. పత్తికి ధర రాలేదు. ఈ మూడింటినీ ముందు తెలుగులో ఒక్క వాక్యంగా చెప్పించండి, తర్వాత ఒక వీ3, ఒక ఐఎన్‌జీ వాడి ఇంగ్లీష్‌లో ఒక్క వాక్యంగా రాయించండి. రెండు వాక్యాలూ డైరీలో రాసి, కింద మీ సంతకం పెట్టి, 20వ తేదీలోపు పంపండి. కాటా దగ్గర పనిచేసే ఆ నాన్నగారి జవాబు కోసం నేను ప్రత్యేకంగా చూస్తుంటాను.